పాతబస్తీ అంగళ్ళలో ఒక పగలు

మదరసాలో వార్షిక పరీక్షలు ముగిసి, పిల్లలు పెట్టెలు సర్దుకుని ఇళ్ళకు వెళ్ళిన మరునాటి రాత్రి మేము కర్నూలులో హైదరాబాదు బస్సు ఎక్కాము. షవ్వాల్ మాసంలో మా పెద్దమ్మాయి నికాహ్. శుభలేఖలు, గాజులు, కొంచెం అత్తరు, ఇంతే కొనవలసినవి. ఇవన్నీ కర్నూలులోనే దొరకవా అని మా శ్రీమతిని అడిగాము. ఆమె సమాధానం చెప్పలేదు. బీరువా తెరిచి, పాత పట్టు గుడ్డలో చుట్టి దాచుకున్న లక్క గాజు ఒకదానిని తెచ్చి మా ముందు పెట్టింది. 28 సంవత్సరాల క్రితం ఆమె తండ్రి లాడ్ బజారులో కొన్న పెళ్ళి గాజుల జోడాలో మిగిలినది అదొక్కటే. రెండు రాళ్ళు ఊడిపోయి, ఆ చోట్ల లక్క నల్లగా కనిపిస్తున్నది. ఇక వాదించడానికి మాకు ఏమీ మిగలలేదు.

ఈ వ్యాసంలో 'మేము' అన్నచోట ఒక్కోసారి ముగ్గురం ఉంటాము. మేము, మా శ్రీమతి, నగరంలో ఇంజనీరింగ్ చదువుతున్న ఆమె అన్నగారి అబ్బాయి. ఒక్కోసారి మాత్రం ఈ నాలుగు ముక్కలు రాస్తున్న వాడొక్కడే ఉంటాడు. ఉర్దూలో 'హమ్' అని మాట్లాడే అలవాటు తెలుగులోనూ వదలడం లేదు. పాఠకులు సందర్భాన్ని బట్టి గ్రహించగలరు.

మరొక సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. 26 ఏళ్ళుగా మేము విద్యార్థులకు హిదాయా గ్రంథంలోని క్రయవిక్రయాల ప్రకరణం బోధిస్తున్నాము. వస్తువులో లోపం బయటపడితే కొన్నవాడికి తిరిగి ఇచ్చే హక్కు ఎప్పుడు ఉంటుంది, ఎప్పుడు పోతుంది, కూలి ఎంతో నిర్ణయించకుండా పని చేయించుకోవచ్చునా, ఇలాంటి ప్రశ్నలకు నిద్రలో లేపి అడిగినా జవాబు చెప్పగలము. అందువల్ల బేరంలో మమ్మల్ని ఎవరూ మోసగించలేరన్న ధీమా మాకు ఉండేది. చేతిసంచిలో 18,000 రూపాయలు, మనసులో ఈ ధీమా పెట్టుకుని బయలుదేరాము.

తెల్లవారుజామున 4 గంటలు దాటగానే బస్సు మహాత్మాగాంధీ బస్ స్టేషనులో దింపింది. అఫ్జల్‌గంజ్ మసీదులో ఫజర్ నమాజు చేసుకుని నయాపూల్ మీదుగా నడిచాము. వంతెన మీద నిలబడితే ఒక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఎదుటి ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు మంచులో మసకగా కనిపించాయి. మధ్యలో మూసీ. దానిని ఇప్పుడు నది అనడానికి ముక్కు ఒప్పుకోదు. కాని 1908 సెప్టెంబరులో ఇదే మూసీ పొంగి వేల ప్రాణాలను తీసుకుపోయింది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలు పట్టుకుని ఎందరో బతికి బయటపడ్డారు. ఆ చెట్టు ఇంకా ఉన్నది. ఆ వరద తరువాతనే 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మేము మరికాసేపటిలో చూడబోయే పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరుస దాని చలవే. కూలిపోయిన చోట నిజాం ప్రభుత్వం అంగళ్ళకు ఇంత అందమైన కమానులు కట్టించింది.

వంతెన దిగితే మదీనా భవనం. ఈ భవనాల అద్దెలు ఒకప్పుడు పుణ్యనగరం మదీనాకు వెళ్ళేవని, పేరు అందుకే వచ్చిందని పెద్దలు చెప్పుకుంటారు. అంత ఉదయాన దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. మా అబ్బాయి మమ్మల్ని ఎడమవైపు పురానీ హవేలీ దారికి తిప్పాడు.

అక్కడ మున్షీ నాన్ భట్టీ అప్పటికే రాజుకుని ఉన్నది. 1851 నుండి నడుస్తున్న దుకాణమిది. మొదలుపెట్టినవారు నిజాం కార్యాలయంలో మున్షీగా ఉన్నందున ఆ పేరు రొట్టెకు అంటుకుపోయింది. బోర్డు చదవనక్కరలేదు, వాసన పట్టుకుని వెళ్ళవచ్చు. నేలలోకి దిగిన బావిలాంటి భట్టీ చుట్టూ నలుగురు కూర్చుని ఉన్నారు. ఒకరు పిండి ముద్దను నాలుగు మూలలుగా సాగదీస్తారు. మరొకరు దానిని మెత్త మీద పరచి, నడుము దాకా వంగి, భట్టీ లోపలి గోడకు చరుస్తారు. ఇంకొకరు రెండు పొడవాటి ఇనుప చువ్వలతో కాలిన నానును ఊడదీసి పైకి విసురుతారు. ఆ వంగడం, లేవడం మేము నిలబడిన పది నిమిషాలలో ఎన్నిసార్లు జరిగిందో లెక్క తప్పిపోయింది. వంగే మనిషికి చేతుల మీద వెంట్రుకలు లేవు. మంట తీసేసింది.

నాలుగు నాన్లు కాగితంలో చుట్టించుకుని, పక్క వీధిలో నహారీ తీసుకుని అక్కడే తిన్నాము. ఈ దారి వెంట చాలా గోడల మీద కొలతల గీతలు కనిపించాయి. బస్ స్టేషను నుండి చాంద్రాయణగుట్ట దాకా మెట్రో రైలు రాబోతున్నది కదా, రోడ్డు వెడల్పు చేస్తున్నారు. సగం కోసిన ఇంటి రెండవ అంతస్తులో ఆకాశనీలం రంగు వేసిన గది ఒకటి వీధికి తెరుచుకుని ఉన్నది. గోడకు గడియారం మేకు అలాగే ఉన్నది. మెట్రో వస్తే మంచిదే, ఫూఫా, నాకు కాలేజీకి గంట కలిసి వస్తుంది, అన్నాడు మా అబ్బాయి. కాదనలేదు. గంట విలువ వాడికి తెలిసినంత మాకు తెలియదు.

తొమ్మిదిన్నరకు ఛత్తా బజారు తెరుచుకున్నది. ఈ ఇరుకు వీధి అంతా కాగితం, సిరా. శుభలేఖలు, రసీదు పుస్తకాలు, గోడపత్రికలు ఇక్కడే అచ్చవుతాయి. కాతిబులు, అంటే చేతిరాత లేఖకులు ఒకప్పుడు ఈ వీధికి రాజులు. ఉర్దూ పత్రికల పేజీలన్నీ వీరి కలం నుండి దిగేవి. 1981లో నూరీ నస్తాలీఖ్ అనే యంత్రలిపి, 1994లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేరు వచ్చాక ఆ రాజ్యం పోయింది. అయినా వీధిలో కలం పట్టినవారు కొందరు మిగిలారు. వారిలో ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాము. అరవై ఐదేళ్ళు ఉంటాయి. మెట్ల కింద బల్ల, దాని మీద రెల్లు కలాలు, పక్కన మనవడి కంప్యూటరు.

"చేతిరాతా, యంత్రమా, మౌలానా?" అని అడిగారు.

"పేర్లు చేతిరాతలో, మిగిలినది యంత్రంలో" అన్నాము. ఖర్చు తగ్గించే ఉపాయం మాకు బస్సులోనే తట్టింది.

ఆయన నవ్వి, కలం చెక్కి, మా అమ్మాయి పేరు రాశారు. మేము మదరసాలో చదువుకునే రోజులలో కొంత ఖత్తాతీ నేర్చుకున్నాము. అక్షరాన్ని కొలిచేది అదే కలం పెట్టే చుక్కతోనని, నస్తాలీఖ్ అలిఫ్ మూడు చుక్కల ఎత్తు ఉండాలని పుస్తకంలో చదివినదే. కాని ఆయన కొలవలేదు. రాసిన తరువాత మేమే పక్కన మూడు చుక్కలు ఊహించుకుని చూశాము. వెంట్రుకవాసి తేడా లేదు. తెలుగు పాఠం మాత్రం మా చేత రాయించుకున్నారు, మా పక్కింటివారూ మా కూరగాయల వర్తకుడూ చదవవలసినది అదే కనుక. మనవడు దానిని కంప్యూటరులో కొట్టి, 'నికాహ్'లో చివరి 'హ్' మింగేశాడు. అది పెట్టించుకోవడానికి మరో పావుగంట పట్టింది.

ధర దగ్గర మేము మా విద్య ప్రదర్శించాము. ఆయన కోపగించుకోలేదు. "కాగితం టోకు వర్తకుడిది, మౌలానా, దాని ధర నేను తగ్గించలేను. అచ్చు కూలి ఎదురు దుకాణానిది. సిరా కొనుక్కొచ్చినది. ఇక తగ్గేది ఈ చేతి కూలి ఒక్కటే. ఎంత తగ్గించమంటారు?" అన్నారు. మాటకారి అనుకున్నాము. నవ్వి, 200 రూపాయలు తగ్గించుకుని, 100 శుభలేఖలకు బయానా ఇచ్చి లేచాము. వారంలో పార్సిలులో కర్నూలు పంపుతామన్నారు, పంపారు.

పత్తర్‌గట్టీకి వచ్చేసరికి వీధి నిండిపోయింది. షేర్వాణీలు, బురఖాలు, చీరలు, దుప్పట్లు. కమానుల కింద నడిచేవారికి నడకదారి లేదు, బండ్లవారికి బండి పెట్టే చోటు లేదు, అయినా అందరూ నడుస్తున్నారు, అందరూ అమ్ముతున్నారు. రంజాను ఇంకా రెండు వారాలు ఉన్నది. ఖర్జూరాల బండ్ల మీద ఇప్పటికే రకానికో చీటీ. చార్‌కమాన్ దాటి గుల్జార్ హౌజ్ దగ్గర ముత్యాల దుకాణాలలోకి మా శ్రీమతి తొంగి చూసి, మేము భయపడేలోగానే వెనక్కి వచ్చేసింది. అక్కడి వ్యాపారులలో చాలామంది తరాల క్రితం ఉత్తరాది నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు. గద్దె మీద కూర్చున్న సేఠ్ ఒకరు బుర్ఖా ధరించిన ముసలమ్మతో "నక్కో అమ్మా, ఇంత కంటే తగ్గదు" అంటున్నారు. దక్కనీ భాషలో ఆ 'నక్కో'కు మతం లేదు.

నాలుగు కమానుల మధ్య ఉన్న ఎనిమిది మూలల హౌజు చుట్టూ ఆటోలు తిరుగుతున్నాయి. దాపులోని ఒక సందులో సుత్తి చప్పుడు వినిపించింది. వర్ఖ్ కొట్టేవారు. వెండి తునకలను పుస్తకం లాంటి కట్ట పొరల మధ్య పెట్టి, రాతి దిమ్మె మీద గంటల తరబడి సుత్తితో కొడతారు. చివరికి మిఠాయి మీద అంటించే రేకు వస్తుంది, ఊపిరి తగిలితే ఎగిరిపోయేది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకరి దెబ్బ మధ్య మరొకరి దెబ్బ పడేలా కొడుతున్నారు. మాట్లాడితే లయ తప్పుతుందేమోనని మేము పలకరించలేదు.

చార్మినారును గురించి కొత్తగా చెప్పగలిగినది మా దగ్గర లేదు. హిజ్రీ 1000వ సంవత్సరంలో, అంటే 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఆ కట్టడం ఎదుట నిలబడితే ఎవరైనా తలెత్తుతారు. మేమూ ఎత్తాము. మా చెప్పుల మీదుగా ఒక తోపుడుబండి వెళ్ళాక దించాము. జుహర్ నమాజు మక్కా మసీదులో చేసుకున్నాము. 1617లో పని మొదలై 1694లో ముగిసిన మసీదు. మొదటి రాయి చెక్కినవాడి మనవడు చివరి రాయి చెక్కి ఉండవచ్చు. ఆవరణలో నీడ పట్టున అరగంట నడుము వాల్చి, అసలు పనికి బయలుదేరాము.

లాడ్ బజారు చార్మినారు నుండి పడమరకు, మహబూబ్ చౌక్ గడియార స్తంభం దాకా సాగే ఒకే ఒక వీధి. 'లాడ్' అంటే లక్క అని కొందరు, గారాబం అని కొందరు. ఆ వీధిలోకి అడుగు పెట్టిన ఆడపిల్ల తండ్రికి రెండవ అర్థమే సరైనదనిపిస్తుంది. రెండు వైపులా గాజులు తప్ప మరొకటి లేదనిపించే మెరుపు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. చాలా దుకాణాలలో ఆ సంగతి అట్ట మీద రాసి పెట్టారు. ఆ అట్ట పక్కనే ఫిరోజాబాదు గాజు గాజులు, అచ్చులో పోసిన ప్లాస్టిక్ గాజులు కూడా ఉన్నాయి. ఏది ఏమిటో అడిగితే చెబుతారు. అడగకపోతే చెప్పరు.

అయిదు దుకాణాలు తిరిగాక ఒకచోట మా శ్రీమతి ఆగిపోయింది. సన్నగాజులు ఎనిమిది, వెడల్పు కడాలు రెండు, ముదురు ఎరుపు లక్క మీద తెల్లరాళ్ళు. తన పాత గాజును పక్కన పెట్టి చూసుకున్నది. పనితనం దగ్గరగా ఉన్నది. దుకాణదారు నలభై ఏళ్ళ మనిషి, మర్యాదస్తుడు. ధర 1,400 రూపాయలు అన్నాడు.

మేము 700 దగ్గర మొదలుపెట్టాము. ఎంత రాయి, ఎంత లక్క, ఎంత లాభం ధర్మమో ఏకరువు పెట్టాము. లేచాము, గడప దాకా వెళ్ళాము, అతడు పిలిచాడు, తిరిగి వచ్చాము. మా అబ్బాయి మొబైలు చూసుకుంటూ సిగ్గుపడుతున్నాడు. మొత్తానికి 950కి ఒప్పందం కుదిరింది. "మీరు మౌలానా కాబట్టి" అన్నాడు దుకాణదారు. 450 రూపాయలు! ఆ క్షణంలో మా గర్వం చార్మినారు కంటే పొట్టిది కాదు.

అప్పుడు తేలింది, కడాలు మా అమ్మాయి కొలతవి కావని. దాని చేతులు చిన్నవి, రెండు-నాలుగు కొలత కావాలి. ఉన్నవి రెండు-ఆరు. "వెనుక సందులోనే చేసేవారు. మా కుర్రవాడిని పంపుతాను, అసర్ తరువాత సిద్ధంగా ఉంటాయి" అన్నాడు దుకాణదారు. చేసేది చూస్తానని మా శ్రీమతి పట్టుబట్టింది. కుర్రవాడి వెనుక మేమూ నడిచాము.

బజారు మెరుపు పది అడుగులలో ఆగిపోయింది. రెండు మలుపులు తిరిగాక, ఒక గది ఇల్లు, గుమ్మానికి తెర. గుమ్మం బయట అరుగు మీద ఇంటి యజమాని బొగ్గుల కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. మా శ్రీమతి, కుర్రవాడు తెర లోపలికి వెళ్ళారు. ఆ కుర్రవాడు వారికి చిన్నప్పటి నుండి తెలిసినవాడు. మాకు అరుగు మీద చోటు చూపించారు.

లక్క గాజు పుట్టేది మొదటిసారి అక్కడ చూశాము. కర్రకు అంటించిన లక్క ముద్దను నిప్పు సెగకు తిప్పుతూ మెత్తబరుస్తాడు. ఎక్కువ కాగితే కారిపోతుంది, తక్కువ కాగితే పగులుతుంది. మెత్తబడిన దానిని బల్ల మీద చెక్కతో దొర్లించి సన్నని తీగలా సాగదీస్తాడు. రంగు లక్కను దాని మీద పూతగా చుట్టి, పలుచని లోహపు చుట్టు మీద పట్టించి, కొనలు కలిపి, చివరకు సన్నబడే కర్ర దిమ్మెకు తొడిగి కొలత సరిచేస్తాడు. రెండు-నాలుగు కొలత ఆయన చేతికి తెలుసు, గీత చూడనక్కరలేదు. చల్లారేలోగా దానిని తెర కింద నుండి లోపలికి జరుపుతాడు. లోపల ఆయన భార్య దానిని మళ్ళీ చిన్న సెగకు చూపి, మెత్తదనం ఉండగానే రాళ్ళు ఒక్కొక్కటిగా అద్దుతుంది. తెర కింద మాకు కనిపించినవి ఆ చేతులు మాత్రమే. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొనలు నున్నగా, గీతలు లేకుండా ఉన్నాయి. ఆధారు కేంద్రంలో ఆ వేళ్ళు యంత్రానికి అందలేదని, మూడుసార్లు తిప్పి పంపారని ఆయన తరువాత చెప్పాడు. ఫిర్యాదుగా కాదు, ఊరక మాటల్లో.

మా శ్రీమతి పాత గాజును ఆయన చేతికిచ్చాము. వెలుగుకు పెట్టి చూశాడు. "ఇది మా నాన్న కాలం పని. లోపల లోహం లేదు, మొత్తం లక్కే. ఇప్పుడు ఇలా చేస్తే గిరాకీకి గిట్టదు" అన్నాడు. ఊడిన రెండు రాళ్ళ చోట రెండు కొత్తవి పెట్టించాడు. కొత్తవి కొంచెం ఎక్కువ తెల్లగా ఉన్నాయి. డబ్బు అడగలేదు.

లోపల కుర్రవాడి గొంతు వినిపించింది. "ఆపా, ఈ కడాలకు తొంభై రాసుకో. గిరాకీ బాగా తగ్గించారు." ఆమె ఏమన్నదో వినబడలేదు. కాసేపటికి మా శ్రీమతి బయటకు వచ్చింది. మా పక్కన అరుగు మీద కూర్చుని, ఎవరికీ వినిపించకుండా అన్నది: "ఏమండీ, ఈ జత కడాల రాళ్ళ పనికి ఆమెకు 120 ఇస్తారట. ఇవాళ 90. మీరు గెలిచిన దానిలో ముప్పై ఇక్కడివి."

26 ఏళ్ళుగా చెబుతున్న పాఠంలో కూలి ఉంది, ధర ఉంది. ఒకరి బేరం మరొకరి కూలిలోకి ఇలా దిగుతుందని మేము ఏ విద్యార్థికీ చెప్పలేదు. ఉదయం కాతిబ్ గారు మాటకారితనంతో అన్నారనుకున్నది లెక్క చెప్పడమేనని అప్పుడు తెలిసింది. ఆయనను అడగడానికి ఛత్తా బజారు వెనక్కి వెళ్ళే సమయం లేదు. ఆ 200 మా మెడ మీదనే ఉన్నాయి.

జేబులోంచి 50 రూపాయల నోటు తీసి యజమాని ముందు పెట్టాము. ఆయన చేయి ముందుకు రాలేదు.

"మేము సయ్యదులం, హజ్రత్. సదకా తీసుకోము."

సదకా వేరు, హదియా వేరు, సయ్యదులకు కానుక నిషిద్ధం కాదు అన్న సూత్రం మా నాలుక కొన దాకా వచ్చింది. నోరు మూసుకున్నాము. సూత్రాలు చెప్పిన నోటితోనే ఉదయం నుండి బేరాలు చేశాము. నోటు తిరిగి జేబులో పెట్టుకున్నాము. "ఇవ్వదలచుకుంటే దుకాణం లెక్కలో ఇవ్వండి. నా చేతిలో వద్దు" అన్నాడాయన, కుంపటిని విసురుతూ.

తిరిగి దుకాణానికి వెళ్ళాము. కొంచెం కోపంతోనే వెళ్ళాము, దాచడం ఎందుకు? ఆ పేదరాలి కూలి కోసుకున్నావేమిటి అని అడిగాము. దుకాణదారు గొంతు పెంచలేదు. పగిడీ, అద్దె, కరెంటు, రంజాను కోసం అప్పు తెచ్చి నింపిన సరుకు, మొబైలులో తెప్పించుకుని ఇక్కడికి రావడం మానేసిన గిరాకీలు, అన్నీ చెప్పాడు. తన వాటాలో 420 వదులుకున్నానని, ఆమె వాటాలో ముప్పై అని లెక్క చూపించాడు. అబద్ధం చెప్పినట్లు అనిపించలేదు. చివరికి ఒక్క మాట అన్నాడు: "తగ్గించమన్నారు, మౌలానా, తగ్గించాను. ఎక్కడ తగ్గించాలో మీరు చెప్పలేదు."

మేము 980 ఇస్తామన్నాము. పుస్తకంలో ఆమె పద్దు ఎదుట 120 అని రాస్తేనే ఇస్తామన్నాము. అతడు కుర్రవాడి వంక ఒకసారి, మా వంక ఒకసారి చూసి, తొంభైని కొట్టివేసి 120 రాశాడు. ఆ ఎర్ర సిరా పద్దును మా అబ్బాయి చదివి మాకు ధ్రువపరచాడు. మాకు దగ్గరి అద్దాలు బస్సులో సంచి అడుగుకు పోయాయి. తరువాత వాడు మొబైలుతో డబ్బు చెల్లించాడు, గల్లా పెట్టె పక్కనున్న చిన్న డబ్బా ఆ మొత్తాన్ని బజారంతా వినేలా ప్రకటించింది. మేము నగదు వాడి చేతిలో పెట్టాము.

అసర్ తరువాత కడాలు అందాయి. ఇంకా వెచ్చగా ఉన్నాయి.

సాయంత్రం చార్మినారు ఎదుట ఇరానీ చాయ్ తాగాము. ఉస్మానియా బిస్కెట్లు రెండు పొట్లాలు కట్టించుకున్నాము. చివరిగా అత్తరు దుకాణం. గులాబు, ఖస్, హీనా, మొదటి వాన వాసన వేసే మిట్టీ అత్తరు. ముసలి వర్తకుడు ఒక్కొక్క గాజు పుల్లను మా ముంజేతి వెనుక రాసి, దూదిని చెవి మడతలో పెట్టమని ఇచ్చాడు. ఒక గులాబు అత్తరు మాకు నచ్చింది, ధర కూడా తక్కువ. "అది తీసుకోకండి. గంధపు నూనె మీద దించినది కాదు, మందు నూనెలో కలిపినది. మధ్యాహ్నానికి పోతుంది. అల్లుడికి ఇచ్చేది కదా?" అన్నాడు. అసలైనది చూపించాడు. తులం కొనే స్తోమత లేదు. పావు తులం కొన్నాము. ధర అడిగాము, చెప్పినంత ఇచ్చాము. మా శ్రీమతి మా ముఖంలోకి చూసింది కాని ఏమీ అనలేదు.

మగ్రిబ్ దాటాక వచ్చిన దారినే నయాపూల్ వైపు నడిచాము. ఛత్తా బజారు మలుపు దగ్గర ఆగి చూశాము. కాతిబ్ గారి మెట్ల కింద దీపం లేదు. మా అబ్బాయి చేతిలో 200 రూపాయలు పెట్టి, రేపు కాలేజీకి వెళ్తూ శుభలేఖల మిగతా పైకంతో కలిపి ఇవ్వమన్నాము. సరే ఫూఫా అన్నాడు. వాడి ముఖంలో ఉదయపు సిగ్గు లేదు.

బస్సులో మా శ్రీమతి గాజుల డబ్బాను ఒడిలోంచి దించలేదు. షాద్‌నగర్ దాటేదాకా లక్క వాసన వచ్చింది, తరువాత మేము నిద్రపోయాము.

ఇంటికి చేరగానే అమ్మాయి కడాలు తొడుక్కున్నది. సబ్బు నీళ్ళు అక్కరలేకుండానే ఎక్కాయి. చేయి అటూ ఇటూ తిప్పి చూసుకుని, "అబ్బా, ఎంతకు ఇచ్చారు?" అని అడిగింది. మా బేరాల ప్రతాపం దానికి చిన్నప్పటి నుండి తెలుసు. మా శ్రీమతి మా వైపు చూసింది.

"980" అన్నాము.